వీరభద్రం మ్యాచ్ చూసిన రోజు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో తెలుగువాళ్ళకి వీరభద్రంతో పడని పని లేదు. ఎవరింట్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయినా, ఎవరి కారు మంచులో కూరుకుపోయినా, టొరంటో ఎయిర్‌పోర్టు నుంచి ఎవరి అత్తగారిని తీసుకురావాలన్నా ముందు ఫోన్ మోగేది ఆయన జేబులోనే. అరవై మూడేళ్ళ మనిషి. పుట్టింది తణుకు దగ్గర. కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు మెషీన్ నడిపి నిరుడే రిటైరయ్యాడు. ఎవరేమడిగినా కాదనడం చేతకాదు. అంత మంచివాణ్ణి ఆ స్నేహితులే నాలుగేళ్ళుగా బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి మాత్రం లోపలికి రానివ్వడం లేదు. కారణం ఆయన కాలు.

కాలికి రోగమేమీ లేదు. ఐరన్ లెగ్ అన్నారు, అంతే. ఆయన అడుగుపెట్టిన చోట పని చెడుతుందని వాళ్ళ నమ్మకం.

ఆ పేరు ఊరికే రాలేదు. తొంభై తొమ్మిదిలో కెనడా వచ్చి చేరిన మొదటి ఫ్యాక్టరీ ఆరు నెలలకే మూతబడింది. రెండోది ఏడాది తిరక్కుండా మూతబడింది. మూడోదాంట్లో చేరుతుంటే "దీన్నైనా బతకనివ్వు బాబూ" అన్నారు స్నేహితులు. అది ఇప్పటికీ నిక్షేపంగా నడుస్తోంది. ఆ సంగతి ఎవడికీ గుర్తుండదు. రెండువేల మూడులో ప్రపంచకప్ ఫైనల్ చూద్దామని తెల్లవారుజామునే లేచి చక్రధర్ గారింటికి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఇండియా ఓడిపోయింది. ఆ సోఫాలో ఇంకో ఐదుగురున్నారు. వాళ్ళ కాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈ చక్రధర్ గారిది వరంగల్. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. రెండు సంగతులు వెంటవెంట జరిగినంత మాత్రాన ఒకదానివల్ల ఇంకోటి జరిగినట్టు కాదని నలభై ఏళ్ళు పిల్లలకి నూరిపోసిన మనిషి. ఆ పాఠం క్లాసురూములోనే వదిలేసి ఇంటికొచ్చేశారు. వీరభద్రం కాలి మీద ఆయన దగ్గర పూర్తి లెక్కలున్నాయి.

ఇక బాస్కెట్‌బాల్ సంగతి. వీరభద్రం పక్కింట్లో మహీధర్, పద్మిని ఉంటారు. ఇద్దరికీ టొరంటోలో ఐటీ ఉద్యోగాలు, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అనన్యకి ఎనిమిదేళ్ళప్పుడు ఇంటి ముందు కారు పెట్టుకునే డ్రైవ్‌వే పక్కన బాస్కెట్ పాతించారు. అప్పట్లో వీరభద్రానిది నైట్ షిఫ్ట్. సాయంత్రం నాలుగింటికి నిద్రలేచి కాఫీ కప్పుతో బయటికొస్తే ఆ పిల్ల ఒక్కతే బంతి కొట్టుకుంటూ కనిపించేది. ఆయనకి ఆట తెలియదు. తప్పిపోయిన బంతి అందించడం తెలుసు. ఆ డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది, బంతి జారితే తిన్నగా రోడ్డు మీదికే దొర్లుతుంది. కార్లొస్తాయన్న భయంతో "రోడ్డెక్కిందా, ఆట బంద్" అని రూలు పెట్టాడు. ఇంకాసేపు ఆడుకోవాలన్న ఆశతో ఆ పిల్ల బంతి రోడ్డెక్కేలోపు దాని మీదికి ఉరకడం నేర్చుకుంది. మోకాళ్ళ మీద తోలు ఏనాడూ పూర్తిగా ఉండేది కాదు.

పిల్ల పెద్దదై కాలేజీ జట్టుకి ఎంపికైన రోజు వీరభద్రం వీధంతా స్వీట్లు పంచాడు. తరవాత మూడు మ్యాచ్‌లకి వెళ్ళాడు. మూడూ ఓడిపోయారు. నాలుగోదానికి బయల్దేరితే దారిలో మంచు తుఫాను, చేరేసరికి ఆట అయిపోయింది. గెలిచారు. ఇంకేముంది, చక్రధర్ గారు లెక్క తేల్చేశారు. ఆ రోజు నుంచి ఏర్పాటు ఏమిటంటే, బయటి ఊళ్ళో మ్యాచ్ ఉంటే వీరభద్రం తన వ్యాన్‌లో అందరినీ తీసుకెళ్ళాలి, ఎందుకంటే మంచులో ఆయనలా నడిపేవాళ్ళు లేరు. అక్కడికి చేరాక పార్కింగ్‌లోనే ఉండిపోవాలి. ఫోన్‌లో స్కోరు చూడకూడదు, స్కోరు తెలిస్తే చూసినట్టే లెక్క. అనన్య గెలవడం ఆయన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

వాళ్ళు నవ్వుతూ అనేవారు, ఆయన నవ్వుతూ పడేవాడు. రెండేళ్ళ కిందట ఒకటి జరిగింది. అప్పటినుంచి ఆయన నవ్వడం లేదు, నవ్వినట్టు ముఖం పెడుతున్నాడు.

ఆయన కూతురు తేజశ్రీ కెనడాకి ఆ చివర, విమానంలో వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న సర్రీలో ఉంటుంది. తొలిసారి నెల తప్పినప్పుడు చూడ్డానికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. వెళ్ళిన మూడో రోజు గర్భం పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పింది. వీరభద్రం తల ఊపాడు. లోపల మాత్రం ఆ ఇంటి గడప దాటిన తన కాలే గుర్తుకొచ్చింది. ఇప్పుడు తేజశ్రీకి మళ్ళీ తొమ్మిదో నెల. ఆయన భార్య శ్యామల వచ్చే గురువారం సర్రీ వెళ్తోంది. టికెట్ ఒక్కటే కొన్నారు. "తల్లీ బిడ్డా క్షేమం అని కబురొచ్చాక నేనొస్తాలే" అన్నాడు వీరభద్రం. ఎందుకని శ్యామల అడిగితే కారు సర్వీసింగ్ అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? అంతే, ఆ రోజు నుంచి శ్యామల ఆయనతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఆ శనివారం మ్యాచ్ గ్వెల్ఫ్‌కి మూడు గంటల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో. ఓడితే జట్టు ఇంటికే, అనన్యకి అదే ఆఖరి ఆట. గెలిస్తే సెమీఫైనల్. పొద్దున్న తొమ్మిదింటికి వ్యాన్ బయల్దేరింది. ముందు సీట్లో చక్రధర్ గారు, వెనక ఆయన భార్య సుగుణ, పద్మిని, మహీధర్, ఆఖరి వరసలో కిటికీలోంచి మంచు చూస్తూ శ్యామల.

"వీరభద్రం, ఇయ్యాల చాన ఇంపార్టెంట్. నువ్వు బిల్డింగ్ దిక్కు గూడ చూడొద్దు" అన్నారు చక్రధర్ గారు.

"అలాగేనండీ. అటు తిరిగి పార్క్ చేస్తా."

"పాపం, ఆయన్ని అలా అంటారేంటండీ" అంది పద్మిని. అని ఊరుకుంది. గెలుపు అవసరం ఆమెకీ ఉంది మరి.

వెనక నుంచి శ్యామల గొంతు వినిపించింది. "అనండి, అనండి. ఇంకా నాలుగు అంటే విమానం కూడా ఎక్కరు." చక్రధర్ గారు చెయ్యి చాపి రేడియో పెట్టారు.

రెండింటికి ఆట మొదలైంది. అందరూ నీలం స్వెటర్లు వేసుకుని లోపలికి పోయారు. వీరభద్రం చెప్పినట్టే వ్యాన్‌ని అటు తిప్పి పెట్టి, ఎదురుగా ఉన్న మంచుదిబ్బని చూస్తూ కూర్చున్నాడు. మైనస్ పద్దెనిమిది. దారిలో రెండు కాఫీలు తాగి ఉన్నాడు. వయసు, చలి, కాఫీ మూడూ ఏకమయ్యాక మగవాడి పట్టుదల ఎంతసేపు నిలుస్తుంది? గంట ఓర్చుకుని, ఇక లాభం లేదని దిగి బిల్డింగ్‌లోకి నడిచాడు. చెవులు మూసుకుని, తల దించుకుని, బాత్‌రూమ్ ఎక్కడుందో కనుక్కుని పని ముగించుకున్నాడు. అంతవరకు తప్పేమీ జరగలేదు.

తిరిగొస్తుంటే తలుపు దగ్గర ఓ పెద్దావిడ అడ్డం వచ్చింది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. టికెట్లు చూసే వాలంటీరు, పేరు మార్గరెట్ అని చొక్కా మీద రాసి ఉంది. ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉండటం చూసి, పక్కనున్న పెట్టెలోంచి ఆకుపచ్చ ఉన్నిటోపీ తీసి నెత్తిన పెట్టేసింది. ఆకుపచ్చ ఆ ఊరి జట్టు రంగు.

"నో, నో. ఐ యామ్ డ్రైవర్ ఓన్లీ" అన్నాడు వీరభద్రం.

"డ్రైవర్లకి చలి వెయ్యదా ఏం? పద, నా పక్కన కూర్చుందువుగాని" అని ఇంగ్లీషులో దబాయించి, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. చెప్పాం కదా, కాదనడం ఆయనకి చేతకాదు. కోర్టు చివరి గీతకి దగ్గరగా, ముందు వరసలో కూర్చోబెట్టింది. చుట్టూ ఆకుపచ్చ టోపీలే. ఎదుటి వైపు మెట్ల మీద, దూరంగా, నీలం స్వెటర్ల చిన్న గుంపు.

అప్పుడు చూశాడు అనన్యని. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళప్పటిలాగే పెదవి పంటికింద బిగబట్టి పరిగెడుతోంది. ఆయనకి గుండె నిండిపోయింది. స్కోరు బోర్డు వైపు చూస్తే మనవాళ్ళు తొమ్మిది పాయింట్లు ముందున్నారు.

అయిదు నిమిషాలు తిరిగేసరికి ఆ తొమ్మిదీ ఆవిరైపోయాయి. మరో నిమిషానికి ఆకుపచ్చవాళ్ళు ఒక పాయింటు ముందు. వీరభద్రం లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి? నా మనవరాలు ఆడుతోంది చూడు, ఏడో నంబరు" అంది మార్గరెట్.

"మై గర్ల్ ఆల్సో ప్లేయింగ్. బ్లూ టీమ్" అన్నాడు. దాపరికం ఆయనకి చేతకాదు. "ఐ వాచ్, షి లూజ్. ఎవ్రీ టైమ్. సో ఐ గో."

ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తరవాత రెండు చేతులతో ఆయన కోటు పట్టుకుంది. "నువ్వు చూస్తే మీవాళ్ళు ఓడిపోతారా? నిజంగానా? అయితే నువ్వు కదలడానికి వీల్లేదు!" అని ముందు వరసకి, వెనక వరసకి చాటింపు వేసింది. ఇంకేం, ఆకుపచ్చ టోపీలన్నీ ఆయన చుట్టూ చేరాయి. ఒకాయన కరచాలనం చేశాడు. ఒకామె పాప్‌కార్న్ పొట్లం చేతిలో పెట్టింది. వెనకనుంచి ఎవరో భుజం తట్టి "సార్, కళ్ళు ఆర్పకుండా చూడండి" అన్నారు. నాలుగేళ్ళుగా ఏ కాలైతే బయట నిలబెట్టిందో, ఆ కాలికి ఇంత మర్యాద జరగడం ఇదే మొదలు.

గట్టిగా విదిలించుకుంటే వదిలేవారే. పెద్దావిడని నెట్టలేకపోయానని తరవాత అందరితో చెప్పాడు కానీ, అది సగమే నిజం. ఆయనకి వెళ్ళబుద్ధి కాలేదు. నాలుగేళ్ళు మంచుదిబ్బల్ని చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. ఇదే ఆఖరి ఆట అయితే ఈ పిల్లని ఇంకెప్పుడు చూస్తాడు? కూర్చున్నాడు. కూర్చున్నాక, నా ముచ్చట కోసం పిల్ల ఆట పాడు చేస్తున్నానే అని కుమిలిపోయాడు. పాప్‌కార్న్ మాత్రం తింటూనే ఉన్నాడు.

నాలుగు నిమిషాలుందనగా మనవాళ్ళు ఎనిమిది పాయింట్లు వెనకబడ్డారు. ఆకుపచ్చవాళ్ళు ఒకరినొకరు కావలించుకుంటున్నారు. మార్గరెట్ ఆయన మోకాలి మీద ఆప్యాయంగా తట్టింది. వీరభద్రం చేతులు జోడించి, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

అక్కణ్ణుంచి అనన్య వాళ్ళు పట్టు వదలలేదు. ఒక బుట్ట పడింది. ఏడో నంబరు చేతిలోంచి అనన్య బంతి లాక్కుంది. క్లోయీ అని వాళ్ళ జట్టులో పొడుగమ్మాయి, ఇద్దరు మీద పడుతున్నా పైకి లేచి వేసేసింది. నాలుగు తేడా. ఫౌల్‌కి ఇంకో పాయింటు. మూడు. ఆకుపచ్చవాళ్ళు రెండు వేశారు, మనవాళ్ళు నాలుగు వేశారు. బోర్డు మీద యాభై ఎనిమిది, యాభై ఏడు. ఒక్క పాయింటు వెనక. తొమ్మిది సెకన్లు. బంతి మనవాళ్ళ దగ్గరే ఉంది.

వేశారు. తప్పింది. బంతి ఇనప చట్రానికి తగిలి ఎగిరి, ఎవరి చేతికీ అందకుండా గీత వైపు గెంతుకుంటూ వచ్చింది. తిన్నగా వీరభద్రం కాళ్ళ వైపే వస్తోంది. గీత దాటితే ఆట అయిపోయినట్టే.

అనన్య ఉరికింది. పాదాలు నేలను వదిలాయి. గీత దాటి గాల్లో ఉండగానే బంతిని అందుకుని, తల తిప్పకుండా వెనక్కి విసిరి, తను వచ్చి ముందు వరసలో పాప్‌కార్న్ పొట్లం మీద పడింది. ఆ బంతి క్లోయీ చేతుల్లో పడటం, క్లోయీ దాన్ని బుట్టలో వెయ్యడం ఎదుటి గుంపంతా చూసింది. వీరభద్రం చూడలేదు. ఆయన తన కాళ్ళ దగ్గర పడి ఉన్న పిల్లనే చూస్తున్నాడు.

"భద్రం అంకుల్? వాట్ ఆర్ యూ... యు ఆర్ ఇన్‌సైడ్?" అంది అనన్య, జుట్టులో పాప్‌కార్న్‌తో.

"లే, లే తల్లీ! ఇంకా నాలుగు సెకన్లుంది!" అని రెండు చేతులతో లేవదీసి కోర్టులోకి తోశాడు.

నాలుగు సెకన్లు. ఏడో నంబరు దూరం నుంచి విసిరింది. బంతి చట్రం చుట్టూ తిరిగి బయట పడింది. హారన్ మోగింది.

ఆకుపచ్చ టోపీలన్నీ తలలు పట్టుకుని కూర్చున్నాయి. వాటి మధ్యలో ఒక్క ఆకుపచ్చ టోపీ మాత్రం కుర్చీ ఎక్కి, చేతులు గాల్లో ఊపుతూ తెలుగులో అరుస్తోంది. "రోడ్డెక్కలేదు! రోడ్డెక్కలేదు! ఆట బంద్ కాలేదు!" ఎదుటి వైపు నుంచి చూసిన చక్రధర్ గారు "వాడెవడో పిచ్చోడు, సొంత టీమ్ ఓడితే ఎగురుతుండు" అన్నారట. శ్యామల ఆ ఎగురుడు చూసింది. అదెవరో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

కాస్త తేరుకున్నాక వీరభద్రం సిగ్గుపడుతూ కుర్చీ దిగి "సారీ" అన్నాడు మార్గరెట్‌తో. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది, అంతలోనే నవ్వుతోంది. "ఎంత నమ్మాను నిన్ను! నీకు ఈ పనే చేతకాదు. నీవల్ల ఎవ్వరూ ఓడిపోరు పోవయ్యా" అంది. మన మాటల్లో చెప్పాలంటే, నీ కాలికి అంత సీన్ లేదంది. పాతికేళ్ళుగా ఆ మాట అనవలసిన వాళ్ళు చుట్టూ ఉన్నారు, ఎవరూ అనలేదు. ఊరూ పేరూ తెలియని ఆవిడ, అదీ ఓడిపోయిన ఆవిడ అంది. వీరభద్రం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు.

బయట హాల్లో మనవాళ్ళ సంబరం చెప్పనలవి కాదు. మహీధర్ ఎవరో తెలియని కెనడియన్ ముసలాయన్ని పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. పద్మినికి గొంతు పోయింది, సైగలతో ఏడుస్తోంది. సుగుణ ఏయే గుళ్ళో ఎన్ని కొబ్బరికాయలు మొక్కుకుందో గుర్తు తెచ్చుకుంటోంది. చక్రధర్ గారు "జూసిన్రా, వీరభద్రాన్ని బయట కూసోబెట్టుడే మంచిదైంది!" అని అందరికీ చెబుతూ ఇటు తిరిగేసరికి ఎదురుగా ఆకుపచ్చ టోపీతో వీరభద్రం.

"నేను లోపలే ఉన్నానండీ. సగం ఆట చూశాను. తొమ్మిది ముందున్నప్పుడు వచ్చి కూర్చున్నాను."

చక్రధర్ గారు ఆ టోపీని, ఆయన్ని మార్చి మార్చి చూశారు. అంతలో స్నానం కూడా చెయ్యకుండా పరిగెత్తుకొచ్చిన అనన్య వీరభద్రాన్ని వాటేసుకుంది. "హి వాజ్ రైట్ దేర్! హి పుష్డ్ మీ బ్యాక్ ఆన్!" అని అందరికీ చెప్పింది. ఆ పిల్ల ఊపిరాడకుండా పట్టుకుంటే వీరభద్రం ఒకటే మాట అనగలిగాడు. "ఎంత బాగా ఆడతావు తల్లీ నువ్వు."

చక్రధర్ గారు తేరుకున్నారు. ప్రొఫెసర్ బుర్ర కదా, ఊరుకోదు. "అంటే ఏంది? ఆళ్ళ సైడు కూసుంటే మనకి కలిసొస్తున్నదన్నట్టు! వచ్చే శనివారం సెమీఫైనల్ల నువ్వు ఆళ్ళ మధ్యలనే కూసోవాలె. టోపీ గూడ తియ్యొద్దు. గోల్డెన్ లెగ్ అయితివి గదనే!"

అందరూ నవ్వారు. వీరభద్రం కూడా నవ్వాడు, ఈసారి నిజంగానే.

"వచ్చే శనివారం నేనుండనండీ" అన్నాడు.

"ఉండకపోతే ఎట్ల? యాడికి పోతవ్?"

"సర్రీ. గురువారం వెళ్తున్నాం."

హాలు గోలలో కూడా ఆ మాట శ్యామలకి వినపడింది. దగ్గరికొచ్చి నిలబడింది.

"మరి నువ్వు లేకుంటే ఓడిపోతరు గదయ్యా! వ్యాన్ ఎవరు నడుపుతరు?"

"వ్యాన్ మీరు నడపండి, తాళాలు ఇచ్చి వెళ్తాను. ఓడినా గెలిచినా ఆడేది అనన్య కదండీ, నా కాలు కాదు." ఆయన గొంతులో కోపమేమీ లేదు. చక్రధర్ గారి ముఖం మాత్రం చిన్నబోయింది. వీరభద్రం చెయ్యి పట్టుకుని వదల్లేదు.

శ్యామల అప్పటికే ఫోన్ తీసి విమానంలో సీట్లు వెతుకుతోంది. "నా పక్కది ఖాళీయే. కిటికీ సీటు మాత్రం నాది, ముందే చెబుతున్నా" అంది. వారం రోజుల తరవాత ఆమె ఆయనతో అన్న మొదటి పొడుగు మాట అది. టికెట్ కొన్నాకే తేజశ్రీకి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చింది.

"డాడ్? వాట్ హ్యాపెన్డ్? ఎందుకంత నాయిస్?"

"అమ్మతో పాటు నేనూ వస్తున్నానమ్మా, గురువారం."

"ఆర్ యూ ష్యూర్, డాడ్?" ఆ అమ్మాయికీ అన్నీ తెలుసు మరి.

"ష్యూరే. హాస్పిటల్ దాకా వచ్చి కార్లో కూర్చోనమ్మా. లోపలికే వస్తాను. బిడ్డని మొదట ఎత్తుకునేది నేనే, మీ అమ్మకి కూడా ఇవ్వను."

ఎప్పుడు ఫోన్ చేసినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, ఏడుస్తూ నవ్వుతూ తెలుగులో అంది. "తొందరగా రా నాన్నా."